సరే అనడానికి నలుగురు

ఆరిన దుప్పట్లు మడతపెట్టడానికి అక్కాచెల్లెళ్లిద్దరూ మంచానికి చెరోవైపు నిలబడ్డారు. చెల్లెలి చూపు దుప్పటి మీద కంటే ఫోన్ మీదే ఎక్కువగా ఉంది.

"అక్కా, కొంప మునిగింది."

"ఏమైందే?"

"ఆ డేటింగ్ యాప్ అబ్బాయి ఆదివారం కాఫీకి కలుద్దామా అన్నాడు కదా. ఏం జవాబివ్వాలో మన గ్రూపులో అడగబోయి, పొరపాటున అతనికే పంపేశా."

"ఏమని రాశావు?"

"నాకైతే తెగ నచ్చాడు, వెంటనే ఒప్పుకుంటే అలుసైపోతానా అని."

"నా ఖర్మ! మూడు వారాల నుంచి నువ్వూ నేనూ పిన్నీ నీ ఆఫీసు స్నేహితురాలూ కూర్చుని ఒక్కో మాటా చెక్కి చెక్కి పంపిస్తే, పరువంతా ఒక్క దెబ్బకి గంగలో కలిపావు. ముందది చెరిపెయ్!"

"చూసేశాడు. జవాబు కూడా ఇచ్చాడు."

"చదువు, చదువు."

"మనలాగే అతనికీ ఓ గ్రూపుందట, అతని జవాబులూ వాళ్లే రాసిస్తారట. అందులో ముగ్గురికి నేను నచ్చానట. వాళ్ల బావ మాత్రం ఇంకో వారం బెట్టు చేసి అప్పుడు అడగమన్నాడట. తనే ఆగలేక అడిగేశాడట."

"అంటే ఇన్నాళ్లూ మన పిన్ని కబుర్లు చెప్పింది వాళ్ల బావకా! ఫోనిటివ్వు, పిన్నిని అడిగి జాగ్రత్తగా రాద్దాం."

"అక్కర్లేదు. రాసేశా."

"ఎవర్నడిగి?"

"ఎవర్నీ అడగలేదు. సరే, వస్తానన్నా."

"అంతేనా? చివర్లో నవ్వు బొమ్మైనా పెట్టావా? ఒకటే పెట్టాలి, రెండు పెడితే చులకనవుతాం."

"అక్కా, నువ్వా కొస పట్టుకో. దుప్పటి మడతపెట్టడానికైతే ఇద్దరం కావాలి."