ఖర్జూరం చెట్టు మీది సంసార పాఠం

గొల్లపల్లి బస్టాండ్ ఎదురుంగ సుశీలత్త చాయ్ హోటల్ ఉన్నది. చాయ్ ఆమె పెడ్తది, ముచ్చట ఆమె పెనిమిటి సాయిలు మామ పెడ్తడు. ఆయన కల్లుకు తాళ్లు, ఈతలు గీసే మనిషి. ఒకప్పుడు మస్కట్ పోయొచ్చిండు. గా మస్కట్ ముచ్చట షురూ అయిందంటె బస్సులు పోయినా మాకు సోయి ఉండది.

ఆ పొద్దుమూకి దేవేందర్ అచ్చి బల్ల మీద కూలవడ్డడు. తెల్లారితె వాడు మస్కట్ పోవాలె. రెండు బోర్లేసినా నీళ్లు పడలే, మక్కచేను నిలువునా ఎండింది. ఇంట్ల ఒక్క మాట చెప్పకుంట పోయి వీసా కాయితాల మీద సంతకం పెట్టొచ్చిండు. గా సంగతి తెల్సినకాన్నించి వాని పెండ్లాం భాగ్య వానితోని మాట్లాడుతలేదు.

"మామా, మాట్లాడకుంటనే నన్ను బస్సెక్కిచ్చేటట్టున్నది. ఏం చెయ్యాలె?" అన్నడు.

సాయిలు మామ కాళ్లు రెండు బల్ల మీద పెట్టుకోని సదురుకున్నడు.

"గింతేనా? అరె, గీ పనికి సీదా నా దగ్గరికే అచ్చినవ్ చూడు, నీకు తెలివున్నది. గీ దుర్గయ్య దగ్గరికి పోతె ఏం చెప్తుండె? ఆయన పెండ్లాం మాట్లాడకుంటె ఆయనకు పండుగ."

"నా సంసారమెందుకు, నీది చెప్పు" అన్నడు పక్కకు కూసున్న దుర్గయ్య. ఆయన బస్టాండ్ కాడ బట్టలు కుడ్తడు. సాయిలు మామ ముచ్చటకు అడ్డం పడుడే ఆయనకు అసలు పని.

"చెప్త, ఇను. మొదలు సంగతి, మొగోడన్నోడు పెండ్లాం ముంగట కండ్లల్ల నీళ్లు తీయద్దు. ఛాతి ఇరుసుకోని నవ్వుకుంట పోవాలె. నేను పోయిన్నాడు గట్లనే పోయిన, కావాల్నంటె మీ అత్తనడుగు."

సుశీలత్త పొయ్యి కాడ చాయ్ వడపోస్తున్నది. తలకాయ ఎత్తలే.

"గట్లనే చేస్తున్న మామా. పొద్దంత నవ్వుకుంటనే తిరుగుతున్న, ఫోన్ల పాటలు పెట్టుకుంటున్న. ఆమె ఇంకింత గరమైతుంది."

"అంటె నీ నవ్వు సరిపోతలేదు. ఇంక జర ఎక్కువ నవ్వాలె. ఇగ రెండోది పాణం సంగతి. పొద్దుగాల ఎవ్వలు లేవకముందే లేవాలె, చెంబెడు గోరువెచ్చటి నీళ్లు తాగాలె, కాళ్లు చేతులు ఆడియ్యాలె. ఆఖరుది సంసారం. పెండ్లాన్ని పేరు పెట్టి పిలిచి 'తిన్నవా' అని అడగాలె. ఊకె 'ఆ, ఏంది, ఇగో' అని కాదు, పేరు పెట్టి. గివి పట్టుకోనే నేను మస్కట్‌ను ఏలిన."

"ఏలినవా?" అన్నడు దుర్గయ్య.

"ఏలిన. నన్ను తీస్కపోయి ఓ ఖర్జూరం తోటల ఏసిన్రు. తోట ఆసామిని ఆడ అర్బాబు అంటరు, మన దగ్గర పటేలు అన్నట్టు. మొదటినాడు పొద్దుగాల్నే లేచిన, నీళ్లు తాగిన, చెట్టెక్కిన. గంతే, పెద్ద పనేం కాదు, ఉన్నది ఉన్నట్టు చెప్తున్న. మిగిలినోళ్లు నిచ్చెనేసుకోని గజగజ వణుక్కుంట ఎక్కుతున్నరు, నేను నడుముకు మోకుతాడు ఏస్కోని సర్రున పైకి పోయిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"కిందవడ్డవు."

"నీ నోట్ల మన్నువడ! పైకి పోయి చూస్తె ఏమున్నది, అచ్చం మన ఈత చెట్టే. గదే మట్ట, గదే ముల్లు. మా తాత గీసింది, మా నాయిన గీసింది గదే చెట్టు, జర తిని బలిసిందంతే. ఇగ నా చెయ్యి ఊకుంటదా? కత్తి తీసి ఒక్క గీత గీసిన. ధార పట్టిందిరా దేవేందర్! కల్లు కాదు, మత్తు లేదు, తియ్యటి నీరా. లొట్టి కట్టిన, నిండింది. బకీటు కట్టిన, నిండింది. కింద డ్రమ్ము పెట్టిచ్చిన, అదీ నిండింది. ఇగ వాళ్లతోని కాక ట్యాంకర్ తెప్పిచ్చిన్రు."

"ఒక్క చెట్టుకా?"

"ఒక్క చెట్టుకే. ఇంకోటి ముట్టుకుంటె ఊరు మునుగుతదని నేనే ఆగిన. గప్పుడు అర్బాబు అచ్చిండు. పాపం, షుగరు, మోకాళ్ల నొప్పులు, అటొకలు ఇటొకలు పట్టుకుంటెగాని నడవడు. ఓ గ్లాసు నీరా ఇచ్చిన. తాగిండు, చేతికట్టె అవుతల పారేసిండు. ఇంకో గ్లాసిచ్చిన, ఉరుకుడు పెట్టిండు. ఎంత దూరం ఉరికిండంటవ్? మన జగిత్యాల ఖిల్లా కాడికెల్లి కోరుట్ల దాకా ఎంతుంటదో గంత ఉరికి, మల్ల మర్లచ్చి, దమ్ము సుత రాకుంట 'సాయిలన్నా, ఇంక జర పొయ్యరాదు' అన్నడు."

"అరబ్బాయన గా మాట ఏ భాషల అన్నడు?"

"మన భాషలనే. నాతోని ఉండి నేర్చిండు."

"నువ్వు పోయిందే గా పొద్దుగాల అంటివి!"

"నీరా మహత్యం మరి. నువ్వు మధ్యల మాట్లాడకు దుర్గయ్యా, చాయ్ చల్లారుతది. ఇగ పాణం మంచిగైనంక గాయన నా భుజం మీద తలకాయ పెట్టి ఏడ్సుడు షురూ చేసిండు. ఏమైందయ్యా అంటె, ఇంట్ల పెండ్లాం మాట్లాడుతలేదట. అచ్చం నీ లెక్కనే, దేవేందర్."

దేవేందర్ బల్ల మీద ముందటికి జరిగిండు. "ఏం చెప్పినవ్ మామా?"

"ఏం చెప్త, గిప్పుడు నీకు చెప్పిందే. 'అర్బాబ్ సాబ్, ఇంటికి వోయి ఆమెను పేరు పెట్టి పిలువు, తిన్నవా అని అడుగు, కూర సప్పగున్నా మంచిగున్నదను' అన్న. పోయి అడిగిండు. ఆమె నవ్వింది సూడు, గా నవ్వు మా క్యాంపు దాకా ఇనవడ్డది. మేం అన్నం వండుకుంటున్నం, కుక్కర్ విజిల్ అనుకోని పొయ్యి బందు చేసినం."

హోటల్ల ఉన్నోళ్లందరం ఫక్కున నవ్వినం. దేవేందర్ సుత నవ్విండు గాని, వాని చెయ్యి గ్లాసును గట్టిగ పట్టుకోనే ఉన్నది.

"తెల్లారి లేచి చూస్తె చెట్టు కింద లైను! కార్లు ఒక దిక్కు, ఒంటెలు ఒక దిక్కు. పెండ్లాలు అలిగినోళ్లు, నడుములు పట్టినోళ్లు, పొట్టలు పెరిగినోళ్లు, కొడుకులు మాట ఇననోళ్లు. దిగుడు ఎక్కుడుకు టైం సరిపోతలేదని చెట్టు మీదనే కుర్చీ ఏసి మైకు కట్టిచ్చిన్రు. నేను పైకెల్లి చెప్పుడు, కింద వాళ్లు 'ఆ సాయిలన్నా' అనుడు. పొట్టలు పెరిగినోళ్లకు మోకు ఇచ్చి చెట్టెక్కిచ్చిన, దిగేసరికి లుంగీలు జారుతున్నయ్. ఒంటెలకు సుత ఉన్నయట లోపల బాధలు, నా మాటలు ఇని జంటలు జంటలుగ నడుసుడు షురూ చేసినయ్. దావఖానలల్ల డాక్టర్లు ఈగలు కొట్టుకుంట కూసున్నరు. కోర్టుల తగాదలు లేక వకీళ్లు మా తోటల ఖర్జూరాలు ఏరవట్టిన్రు."

"వకీళ్లా?"

"నల్ల కోట్ల మీదనే ఏరిన్రు. ఎండకు చెమటలు. నేనే నీరా పోసిన, మనకు పగ లేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గా చెట్టు నా మాటలు ఇనుకుంట ఇనుకుంట పెరుగవట్టింది. ఇయ్యాల సెల్‌టవరంత, రేపు గుట్టంత. మబ్బులు నా మోకాళ్ల కాడ. విమానాలు పక్కకెల్లి పోతుంటె లోపలోళ్లు కిటికీలకెల్లి దండం పెడ్తున్నరు. ఒక డ్రైవర్ విమానం స్లో చేసి 'అన్నా, హైదరాబాద్ ఎటు దిక్కు' అంటె, 'సీదా పో తమ్మీ, సముద్రం దాటినంక అడుగు' అని తొవ్వ చూపెట్టిన."

"విమానం ఆగిందా నీ కోసం?"

"ఆగలే, స్లో చేసిండన్న గద. అబద్ధమెందుకు చెప్తం? ఇగ ఓనాడు చిట్టచివరి మట్ట దాకా ఎక్కి ఇటు మర్లి చూసిన. ఏం కనవడ్డదనుకుంటున్నవ్? సముద్రం. దానవుతల బొంబాయి. ఇంక జర ఇవుతలకు అచ్చేసరికి సిరిసిల్లల బట్టనేసే సాంచెలు టకటక ఆడుడు ఇనవడ్డది, జగిత్యాల ఖిల్లా కనవడ్డది, ఇగో, గీ గొల్లపల్లి కనవడ్డది. మీ అత్త గిట్లనే పొయ్యి కాడ నిలవడ్డది. రెండు చేతులు నోటి కాడ పెట్టుకోని 'సుశీలా, తిన్నవా' అని ఒక్క కేకేసిన. మీ అత్త ఈడికెల్లి 'తిన్న, నువ్వు పైలం' అన్నది. ఇగ రోజూ గదే ముచ్చట. గందుకే అన్నేండ్లల్ల ఒక్కనాడు నాకు బెంగ లేదు, ఒక్క చుక్క కంట్లకెల్లి రాలే. నువ్వూ గట్లనే ఉండాలె కొడుకా. నవ్వుకుంట పో, భాగ్య అదే మాట్లాడ్తది."

దేవేందర్ తలకాయ ఊపిండు. ఊపుడైతె ఊపిండు గాని మొఖంల నెత్తురు లేదు. "నాతోని గట్ల అయితదా మామా" అన్నడు మెల్లగ.

సుశీలత్త చాయ్ గిన్నె దించి పక్కకు పెట్టింది. కొంగుకు చేతులు తుడుసుకుంట ఇవుతలకచ్చింది.

"ఇగ దిగు" అన్నది సాయిలు మామతోని.

"ఏంది?"

"చెట్టు దిగు. నువ్వు చెప్పేటియి నిజమనుకోని పోరడు పోయేటట్టున్నడు." దేవేందర్ దిక్కు మర్లింది. "కొడుకా, నాకు ఏ చెట్టు మీదికెల్లి కేక ఇనవడలే. గీన ఫోనచ్చింది. గప్పుడు ఇంట్ల ఫోన్లెక్కడియి, ఎస్టీడీ బూత్ కాడికి రమ్మన్నరు. నేను ఉరికి హలో హలో అంటున్న, అవుతలకెల్లి మాట లేదు, ముక్కు చీదుడే. మస్తు సేపు గదే. ఇగ నేనే అడిగిన, తిన్నవా అని. ఇంక గట్టిగ ఏడ్సిండు."

"సుశీలా..." అన్నడు సాయిలు మామ.

"నువ్వు జర ఊకో. చెట్టు గీసింది నిజమే. మన ఈత చెట్టు లెక్కున్నది, ఇంటి కాడ ఉన్నట్టే ఉన్నదని పాణం ఆగక కొత్త మట్టలచ్చే మొవ్వు కాడ కత్తి పెట్టిండు. నీరా లేదు, ఏం లేదు. అది పండ్ల చెట్టు, చెట్టు చెట్టే ఎండింది. తోట మేస్త్రి లొల్లి చేసి, సంచి చేతుల పెట్టి విమానం ఎక్కిచ్చిండు. గీన పోయింది ఎండకాలం పట్టంగ. ఈడ వానలు పడేసరికి మన వాకిట్ల ఉన్నడు."

దుర్గయ్య నోరు తెరిచిండు గాని, సాయిలు మామ మొఖం చూసి చాయ్ గ్లాసు ఎత్తుకున్నడు.

"మరి నీకు కోపం రాలేదా అత్తా?" అన్నడు దేవేందర్.

"రాకుంటదా? ఊరంత నవ్వవట్టిరి. వాకిట్ల నిలవెట్టి తిడ్దామనే చూసిన. గీన సంచి కిందపెట్టి, 'నువ్వు లేకుంట నాతోని కాలే సుశీలా' అన్నడు. ఇగ ఏం తిడ్త?" ఆమె దేవేందర్ పక్కకు కూసున్నది. "భాగ్యకు బోర్లు పోయింది ఎరికే, నువ్వు పోక తప్పదన్నదీ ఎరికే. నువ్వు పాటలు పెట్టుకోని నవ్వుతుంటె, నన్ను ఇడిసిపోవుడు గీనకు గింత అల్కగున్నదా అని దాని పాణం కొట్టుకుంటుంది. నీ లోపల ఏమున్నదో గది చెప్పు దానికి. గది వట్టి నవ్వుతోని తెల్వది."

సాయిలు మామ తువ్వాల తీసి మొఖం తుడుసుకున్నడు. "ఉడుకపోస్తుంది" అన్నడు. చల్లటి గాలి కొడ్తనే ఉన్నది.

దేవేందర్ ఇంటికి వోయేదాక ధైర్యం ఆగుతదో లేదో అన్నట్టు ఆడనే ఫోన్ తీసిండు. భాగ్య ఎత్తింది. ఎత్తింది గాని మాట్లాడలే.

"భాగ్యా" అన్నడు వాడు. "నాకు బుగులైతుంది. నిన్ను ఇడిసిపెట్టి ఆడ ఎట్లుండాల్నో నాకు సమజైతలేదు. నీకు ముందుగాల్నే చెప్తె ఏడుస్తవని, నువ్వు ఏడిస్తె నేను పోలేనని చెప్పలే." ఇగ వాని భుజాలు ఎగిరెగిరి పడ్డయి, గంత మంది ముంగట ఎక్కెక్కి ఏడ్సిండు.

హోటల్ల ఎవ్వలం గ్లాసు ముట్టలే.

"నాకు సుత బుగులే అయితుంది" అన్నది భాగ్య. ఫోన్ల ఆమె మాట మాకు సుత ఇనవడ్డది. "జల్ది ఇంటికి రా. తెల్లారేదాకన్న నా దగ్గర ఉండు."

దేవేందర్ చాయ్ ఆడనే ఇడిసిపెట్టి ఉరికిండు.

సాయిలు మామ బల్ల మీదికెల్లి కాళ్లు దించుకున్నడు. ఇగ ఏదో ఒక కోత కోస్తడని మేమందరం ఆయన నోటి దిక్కే చూస్తున్నం.

"మంచిగ చెప్పినవ్ సుశీలా" అన్నడు.