పొమోనా కార్డులు

సభాధ్యక్షులు క్లారెన్స్ డోయల్ గారికి, స్టూడియో పెద్దలకు, నా వీడ్కోలు విందుకు బిగుతు కాలర్లు తొడుక్కొని వచ్చిన మిత్రులందరికీ నమస్కారం.

ఇందాక అధ్యక్షులవారు నన్ను అరవై ఒక్క చిత్రాల నిర్మాత అన్నారు. ఆడిన చిత్రానికి దర్శకుడూ, రచయితా, తారా అందరూ కర్తలే. పోయినదానికి మాత్రం నేనొక్కణ్ణే. (నవ్వులు) ముప్ఫై నాలుగేళ్ళు దర్శకులకూ, న్యూయార్క్ నుంచి ఫోన్లు చేసే యజమానులకూ మధ్య అడకత్తెరలో పోకచెక్కలా నలిగాను. నిజం చెప్పొద్దూ, అలసిపోయాను.

కుర్రవాళ్ళకు తెలియదేమో, విడుదలకు ముందు చిత్రాన్ని ఏ పొరుగూళ్ళోనో చడీచప్పుడు లేకుండా వేసి, చూసినవాళ్ళకు తలో కార్డూ పెన్సిలూ ఇచ్చి అభిప్రాయం రాయించుకునేవాళ్ళం. ఎవరికైనా చేదు మాట చెప్పాల్సి వస్తే ఆ కార్డుల మీదికి నెట్టెయ్యడం మాకు అలవాటు. "నేనేం చెయ్యను బాబూ, జనం వద్దన్నారు" అంటే ఎదుటివాడికి నోరు పెగలదు.

మూడో బల్ల దగ్గరున్న విన్‌ఫ్రెడ్ కెల్ గారిని మీలో చాలామంది గుర్తుపట్టి ఉండరు. నేనే పట్టుబట్టి పిలిపించాను. పదహారేళ్ళు పనిమనిషి వేషాలూ, నర్సు వేషాలూ వేశాక, పంతొమ్మిదివందల నలభై ఒకటిలో ఆమెకొక తల్లి వేషం ఇచ్చాను. కొడుకు చావు కబురు విని కూడా రొట్టెల పిండి పిసకడం ఆపని తల్లి. ఆరు నిమిషాల ఘట్టం. పొమోనా అనే ఊళ్ళో అలా వేసి చూశాక దాన్ని కోయించేశాను. మర్నాడు ఆమె నా గదికొచ్చి, "జనానికి నచ్చలేదా, సాల్?" అని అడిగింది.

"నవ్వారమ్మా విన్నీ. కార్డుల్లో కూడా అదే రాశారు" అన్నాను.

ఆమె మళ్ళీ వేషం కట్టలేదు. టోపీల దుకాణంలో పనికి కుదిరిందని తర్వాత విన్నాను.

(మూడో బల్ల వైపు తిరిగి)

నిజానికి ఆ రోజు పొమోనాలో ఎవరూ నవ్వలేదు. వచ్చినవి రెండువందల పన్నెండు కార్డులు. సగానికి పైగా ఆ తల్లి గురించే. ఏడ్చామని రాశారు. ఒకే టిక్కెట్టుకు రెండు చిత్రాలు వేసే రోజులు, నిడివి తగ్గించమని పైనుంచి హుకుం. తారను కోస్తే ఊరుకోదు, విన్నీ అయితే ఊరుకుంటుంది. అంతే, ఇంకే కారణమూ లేదు. కోసేసిన ఆ ఫిల్ము ముక్క కోసం ఈ మధ్య వెతికించాను, ఎక్కడా లేదు. పదిహేడేళ్ళుగా సిగ్గుతో చస్తున్నాను.

(మూడో బల్ల నుంచి: "ఇన్నేళ్ళూ అద్దంలో చూసుకున్నప్పుడల్లా, నాది ఏడిస్తే నవ్వొచ్చే మొహమనే అనుకున్నాను కదయ్యా సాల్!")

అవును విన్నీ. అలా అనుకునేలా చేసింది నేనే. నువ్వు చాలా బాగా చేశావు.

అధ్యక్షులవారూ, దయచేసి నా కోసం చప్పట్లు కొట్టించకండి. ఓపిగ్గా విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. సెలవు.