చీమల పేరు చెప్పుకుని

అయ్యో అయ్యో, ఆగు తమ్ముడూ! ముందా గొట్టం దించు. కొట్టుగది వైపు తిప్పకు! మందు డబ్బా వీపున వేసుకుని, చెప్పాపెట్టకుండా అలా వంటింట్లోకి వచ్చేస్తే ఎలా? నా గుండె జారి గిన్నెలో పడింది.

తెలుసులే, నిన్ను పిలిచింది మా అత్తయ్య. నిన్న ఫోన్లో ఆవిడ అరుపులు వీధి చివరిదాకా వినపడ్డాయి. "పురుగుల మందు కొట్టేది నువ్వేనా? రేపు పొద్దున్నే వచ్చి తగలడు" అని. ఆ తర్వాత గొంతు తగ్గించి ఏం చెప్పిందో నాకు వినపడలేదు. పిలిచిందీ ఆవిడే, తీరా నువ్వొచ్చే వేళకి కొడుకుని వెంటేసుకుని ఆసుపత్రికి పోయిందీ ఆవిడే. ఇక మిగిలింది నేను. బయటి మనిషితో రెండు మాటలు ఆడితే మూడో మాటకి చెమటలు పట్టే రకాన్ని. నా నోట్లో నాలుకే లేదంటాడు మా ఆయన. ఇవాళ చూడు, నిన్ను కూర్చోమనైనా అనకుండా ఎలా వాగేస్తున్నానో. అవసరం అలాంటిది మరి.

అదిగో, నీ కళ్ళు దాని మీద పడనే పడ్డాయి. అదే ఆ వరస. కిటికీ కింద పగుల్లోంచి బయల్దేరి, గోడవారనే నడిచి, కొట్టుగది గడప దాటి లోపలికి. ఎంత బుద్ధిగా పోతున్నాయో చూడు! ఒకదాన్నొకటి తోసుకోవడాలు లేవు, ముందుకి ఎగబడడాలు లేవు. నేను బడికి పోయింది నాలుగు ముక్కలు నేర్చుకునేదాకానే గానీ, మా పంతులమ్మ బెత్తం ఊపినా మేమెప్పుడూ అంత బుద్ధిగా నడిచిన పాపాన పోలేదు.

ఏం చేశావనా అడుగుతున్నావు? ఏం చెయ్యలేదో అడుగు! సుద్దగీత గీశాను. ఉప్పు చల్లాను. నిమ్మతొక్కలు పరిచాను. డబ్బా మూతల కింద గుడ్డలు బిగించాను. అలమర కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టాను. మా అత్తయ్య అడిగితే ఇవన్నీ ఎక్కాల్లా గడగడా అప్పజెప్తాను.

ఆఁ? గిన్నెల్లో నీళ్ళేవీ అంటావా?

అబ్బ. అది కూడా చూశావూ.

సరే. ఆ తలుపు కాస్త దగ్గరగా వెయ్యి. ఇంట్లో ఎవరూ లేరులే, అయినా వెయ్యి. ఆ నీళ్ళు నేనే పారబోస్తాను తమ్ముడూ. పొద్దున ఆవిడ చూస్తుండగా నింపుతాను, ఆవిడ స్నానానికి వెళ్ళగానే ఒంపేస్తాను. సుద్దగీత కూడా చూడు, మధ్యలో కాస్త చెరిపేసి ఉంటుంది. దారికోసమే. నవ్వకు! నాకు ఈ చీమలు కావాలి. ఇవి పోతే నా కొంప మునుగుతుంది.

మా అత్తయ్యకి చక్కెర జబ్బు. పోయిన చలికాలం పాదం మీద పుండు లేచింది. మానడానికి ఎంతకాలం పట్టిందో, ఆ కట్లు విప్పేటప్పుడు ఆవిడ పళ్ళు బిగించి ఎలా కూర్చునేదో, నేను చూశాను. ఇంకోసారి పుండు పడితే వేలు తీసెయ్యక తప్పదన్నాడు డాక్టరు. ఆ మాట విన్నప్పట్నుంచి మా ఇంట్లోకి తీపన్నది రాలేదు. చక్కెర డబ్బా కూడా ఎత్తి పక్కింటివాళ్ళకి ఇచ్చేశాడు మా ఆయన.

మరి తీపి లేని ఇంటికి చీమకేం పని? నువ్వే చెప్పు, నీకు తెలీనిదా.

నేనూ అదే అనుకున్నాను. వరస పట్టుకుని వెతుక్కుంటూ పోయాను. పోతే, పిండి డబ్బాలో అడుగున పాతిపెట్టి ఉంది మిఠాయి పొట్లం! నేను తీశాక చోటు మారింది. పాత కుక్కర్లోకి వెళ్ళింది. అక్కణ్ణించి కుట్టుమిషను సొరుగులోకి, దారపుండల కిందకి. ఒకసారైతే గొడుగు మడతలో దాచింది తమ్ముడూ, గొడుగులో! వాన పడుంటే మా ఆయన నెత్తిన మిఠాయిలు కురిసేవి.

ఎక్కడివంటావా? సాయంత్రాలు నడవమన్నాడుగా డాక్టరు. నడవమన్నాడు గానీ ఏ వైపు నడవాలో చెప్పలేదు పాపం. మిఠాయి కొట్టున్న వైపు నడుస్తుంది ఆవిడ.

ఎన్ని చోట్లు మార్చనీ, చీమలు నాకు దారి చూపిస్తాయి. నేను వెళ్ళి సగం తీసేస్తాను. మొత్తం తియ్యను. ముసలి ప్రాణం, ఏదో చిన్న ఆశ. సగం ఉంచి, పొట్లం మళ్ళీ ఎలా ఉన్నదో అలాగే చుట్టి పెట్టేస్తాను.

మర్నాడు ఆవిడ చూసుకుంటుందిగా! వచ్చి ఇదిగో, ఈ గట్టు దగ్గరే నిలబడుతుంది. "ఏమేవ్, మనింట్లో చీమలు బాగా బలిశాయే" అంటుంది. "అవునత్తయ్యా" అంటాను నేను, గిన్నె తోముతూ. "మరీ అంతంత ముక్కలు మోసుకుపోతాయిటే ఎక్కడైనా?" అనేసి నాలిక కరుచుకుంటుంది. ఏ ముక్కలు అత్తయ్యా అని నేను అడగను. "ఈ కాలం చీమలండీ, వాటికేం తక్కువ" అంటాను. అంతే, ఎవరి పని వాళ్ళది. ఇద్దరం తేలు కుట్టిన దొంగలమే.

అత్త మీద కోపం దుత్త మీద చూపించారంటారే, మా ఇంట్లో ఒక్క దుత్తా పగల్లేదు. అన్నీ ఆ చీమలే మోస్తున్నాయి.

మొహం మీదే చెప్పేయొచ్చుగా అంటావా? నీకు పెళ్ళయిందా అసలు?

ఆవిడకి నేను చెప్పడమా! కాపరానికొచ్చిన కొత్తలో కూరల కొట్లో ధర అడగాలన్నా నాకు వణుకు. ఆవిడ నా వెనకే నిలబడి, "మా కోడలు అడుగుతోంది వినపడలేదా? సరిగ్గా తూచు" అని కసిరేది. నేను పెదవి కదిపితే ఒట్టు! అడిగింది మాత్రం నేనట. ఇన్నేళ్ళూ నోరు ఆవిడది, చేతులు నావి. అలా గడిచిపోయింది మా ఇద్దరికీ. ఇప్పుడు ఆవిడ ముందుకెళ్ళి, "మీరు దొంగచాటుగా తింటున్నారు" అని ఏ నోటితో అనను? మా ఆయన చెవిన వేస్తే ఇంకా ఘోరం. ఆయన గొంతు పెంచుతాడు, ఆవిడ అలిగి పస్తు పడుకుంటుంది. ఈ జబ్బుకి పస్తు మరీ ప్రమాదం.

కాబట్టి నువ్వే ఆలోచించు. నువ్వు మందు కొట్టావు, చీమలు చచ్చాయి అనుకో. పొట్లం ఎక్కడుందో నాకెవరు చెప్తారు? మొత్తం ఆవిడే తినేస్తుంది. మళ్ళీ పుండు, మళ్ళీ ఆ కట్లు, ఈసారి వేలు. పోనీ ఎలాగో వెతికి పట్టుకుని సగం తీశాననుకో, నెపం వెయ్యడానికి ఇంట్లో చీమన్నది ఉండదే! ఆవిడా నేనూ ఎదురెదురుగా నిలబడాలి. నావల్ల కాదు తమ్ముడూ, చచ్చినా కాదు. అందుకే బతిమాలుతున్నాను. డబ్బాలో ఉత్త నీళ్ళు పోసుకుని కొట్టి వెళ్ళిపో. వాసన కోసం కావాలంటే బయటి గోడకి రెండు చుక్కలు చల్లు. నీకు పుణ్యముంటుంది.

ఏంటి, చెయ్యి ఎత్తుతున్నావు? చెప్పు చెప్పు. ఇందాకట్నుంచీ నిన్ను మాట్లాడనివ్వట్లేదు నేను.

చెదలా?

ముందుగది తలుపు చెక్కకి చెదలు పట్టాయని పిలిచిందా? దానికోసమేనా? మరి వంటింట్లోకి ఎందుకొచ్చావయ్యా బాబూ?

మందు కలుపుకోడానికి నీళ్ళకా!

నా మతి మండిపోనూ. పరాయి మనిషి ముందు ఇంటి గుట్టంతా పరిచేశాను. ఎవరితోనూ అనకు తమ్ముడూ, మీ ఇంట్లో ఆవిడతో కూడా అనకు.

ఆఁ? ఇంకా ఏమందీ? ఏదీ, ఆవిడ అన్నది అన్నట్టు చెప్పు. "కొట్టుగదిలో చీమలుంటాయి, వాటి జోలికి మాత్రం పోకు. ఒక్కటి చచ్చినా ఊరుకోను." అలాగే అందా? ఒట్టు?

ఆ స్టూలు కాస్త ఇటు లాగు. కూర్చుంటాను.

అంటే తెలుసన్నమాట. తీసేది నేనని తెలుసు. తెలిసే చీమల్ని తిడుతోంది రోజూ, నా మొహంలోకి చూసుకుంటూ! ఆవిడ ఆజ్ఞ లేనిదే ఈ ఇంట్లో చీమైనా కుట్టదని మా ఆయన అంటే వేళాకోళం అనుకునేదాన్ని. నిజమే కదూ!

ఈ మధ్య పొట్లాలు లావయ్యాయి తమ్ముడూ. ఆవిడకి ఆశ పెరిగిపోతోందని నాకు ఒకటే దిగులు. కానీ పోయిన నెల రక్తం పరీక్షలో చక్కెర తగ్గింది. మందు పనిచేస్తోందని మా ఆయన సంబరపడ్డాడు. ఎంత లెక్కలు రాని దాన్నైనా, పొట్లం లావవుతూ చక్కెర తగ్గిందంటే ఎలా కుదిరిందా అని అప్పుడే అనుకోవద్దూ నేను?

ఏమిటా చూపు? ఆ సగం ఏం చేశావనేగా?

పారేశాననుకున్నావు కదూ. ఆవిడకి జబ్బని ఇంటిల్లిపాదికీ తీపి మానిపించారు. నీకు కావాలా అని నన్నెవరూ అడగలేదు. నేనూ అనలేదు, నాకు అడగడం రాదుగా. ఆ తలుపు వెనక నిలబడి, అంటుకున్న చీమల్ని ఉఫ్‌మని ఊదేసి, నోట్లో వేసుకుంటాను. ఒక్కసారి కాదు, ప్రతిసారీ. చాలా బాగుంటాయి తమ్ముడూ. ఎంత రుచో ఏం చెప్పను.

మరి ఇప్పుడు చెప్పు, ఇది నేను దొంగిలించి తిన్నట్టా, ఆవిడ దగ్గరుండి తినిపించినట్టా?

వద్దులే, చెప్పకు. కుళాయి అదిగో, నీళ్ళు పట్టుకుని పోయి నీ చెదల సంగతి చూడు. ఇవాళ్టి వరస ఎటు పోయిందో నేనింకా చూసుకోనే లేదు, వాళ్ళు వచ్చేస్తారు. పక్కనుంచి నడు, తొక్కకు!