పచ్చగా కనపడాల

కూలిపోయిన ప్రోగ్రాములు వదిలిన ఫైళ్లను తెరిచి, తప్పెక్కడుందో చూపించే డీబగ్గరు ఆమె టీము తయారుచేసింది. కస్టమరు పంపిన అరవై జీబీ ఫైలు తెరవబోయి మొన్న అదే కూలిపోయింది. సంజాయిషీ చెప్పుకోవడానికి బెంగళూరు ఆఫీసుకు పోతూ, కుప్పం ప్లాట్‌ఫారం మీదే టీము లీడరయిన ఆమె, తనతో వస్తున్న టెస్టరును నిలదీసింది.

“పెద్ద ఫైలు టెస్టు మూణ్ణెల్లుగా దినామూ పాసయినట్టు పచ్చగా సూపించిందే! మరి ఇప్పుడెట్లా కూలిందప్పా?”

“ఆ టెస్టు ఒక్క దినం కూడా నడవలేదక్కా.”

“ఏమంటివి?”

“మా ఊరు సదుంలో ఇంటి నుంచి పని సేస్తాంటి కదా. ఆ నెట్టుకు టెస్టుకు కావాల్సిన అంత పెద్ద ఫైలు యాడ దిగుతాది? పది నిమిషాల్లో ఫైలు రాకుంటే టెస్టు వదిలేసి, పాసని సూపించేట్టు ఒక లైను రాసినా. అదే లైను ఆఫీసు మిషన్లోకీ పోయింది, ఆడా పది నిమిషాల్లో ఫైలు దిగలేదు.”

“వదిలేసినదానికి పచ్చ యాల పెడితివి? ఎర్ర పెట్టుంటే ఆ దినమే తెలిసుండును! నోట్లో నాలుక లేదా నీకు? ఒక్క మాట సెప్పేదానికేమి?”

“సెప్పబోతి కదక్కా. మొదటి వారమంతా ఎర్రగానే వచ్చె. నెట్టు సంగతి ఎత్తంగానే, మీటింగులో అందరి ముందర నన్నేమంటివి?”

ఆమెకు గుర్తొచ్చింది.

“‘నాకు సాకులొద్దు, రేప్పొద్దునకి పచ్చగా కనపడాల’ అంటివి. కనపడిందా లేదా?”

రైలు వచ్చి ఆగింది. ఆమె గొంతులో కోపం తగ్గలేదు.

“ఎక్కు. ఈ మాట ఆడ కూడా, అందరి ముందర, ఇంతే గట్టిగా సెప్పు.”