పది లక్షల ఒకటి

పెదపాడులో ఒంటరిగా ఉంటున్న పింఛను మాస్టారిని చూడడానికి, ఆయన భార్య పోయిన మూడో నెలలో, కైకలూరు నుంచి బాతుగుడ్లు అమ్మే బావమరిది వచ్చాడు.

“ఎవరితోనూ మాట్లాడడం లేదటండీ బావగారూ?”

“ఇంట్లో ఎవరున్నారోయ్ మాట్లాడడానికి?”

“ఏంటండీ ఆ కాగితం?”

“పది లక్షల ఒకటి. దేనితో భాగించినా శేషం మిగులుతుంది. నాలాగే, ఎవరికీ లొంగదు. రేపు ఏలూరు పత్రికకి పంపుతున్నాను.”

“అన్నిటితోనూ చూశారాండీ?”

“వంద దాకా చూశాను. అది చాలు.”

“నూట ఒకటితో చూడండి.”

“గుడ్ల బేరగాడివి, నాకు చెబుతున్నావా?”

“నూటికొకటి కొసరు వేసి, నూట ఒకటితో బుట్ట కడతాం కదండీ. తొంభై తొమ్మిది బుట్టలకి పదివేలకి ఒక్క గుడ్డు తక్కువ. దానికి నూరింతలు వేసుకోండి.”

“తొమ్మిది లక్షల తొంభై తొమ్మిది వేల తొమ్మిది వందలు.”

“మీ సంఖ్యకి ఇంకెన్ని కావాలండీ?”

“నూట ఒకటి.”

“అంటే ఇంకో బుట్ట. ఒక్క గుడ్డూ మిగల్లేదు.”

“ఇది నీ బుర్రలో పుట్టింది కాదు.”

“అక్క చెప్పిందండీ, పోయినేడు. మీకూ చూపించానంది.”

“పలక మీద వేసి తెచ్చింది. నేను చూడలేదు. గుడ్లమ్మే ఇంటి నుంచి వచ్చినదానివి, నీకు లెక్కలేంటన్నాను.”

“అక్కేమందండీ?”

“పలక తుడిచేసి, అన్నం వడ్డించింది.”