గుల్లదిబ్బ బావి

దగ్గరికి జరగండి పిల్లకాయలూ, ఆ సెల్లు కట్టేయండి ముందు. పడవలో అవతలికి పోతా ఉంటే నీళ్ల మధ్యన ఒరల బావి ఒకటి ఒంటిగా నిలబడి ఉంటాదే, ఆ దిక్కుకి మీ నాయనలు పడవ తిప్పరు గదా, ఎందుకో ఎప్పుడన్నా అడిగినారా? మీరెందుకు అడుగుతారు, తిండీ ఆటా ఉంటే చాలు మీకు.

ఉప్పునీళ్లలో ఎవడన్నా బావి తవ్వుతాడంట్రా? అది దీవిరా. గుల్లదిబ్బ అనేవాళ్లు, ఎన్ని తరాలోళ్లు తిని పారేసిన గుల్లలో ఏమో, కాలు పెడితే కరకరమనేది. దాని మీద యానాదులు గుడిసెలు వేసుకొని, పీతలు పట్టి, మన ఊరికి తెచ్చి బియ్యానికి మార్చుకొని పొయ్యేవాళ్లు. చచ్చిపోయినోళ్లని ఆ దిబ్బలోనే పూడ్చేవాళ్లు. అయితే ఆ దిబ్బోళ్లకి ఒక కట్టుబాటు ఉండేది. పూడ్చినాక గుర్తు పెట్టగూడదు, ఫలానా చోటని నోటితో చెప్పగూడదు, వేలెత్తి చూపగూడదు. చూపిస్తే పోయినోళ్లకి నిద్ర చెడిపోతాదని.

ఇంక రేవుకి రోడ్డు వెయ్యాలని వచ్చినారు, మన్ను కావాల్సొచ్చింది, దిబ్బ కనపడింది. వచ్చిన ఆఫీసరు చెడ్డోడని నేను చెప్పను. దిబ్బ పెద్ద పెంచలయ్యని పిలిచి, సమాధులుంటే చూపించు, అంతమేర వదిలేస్తామన్నాడంట. పెంచలయ్య తల దించుకున్నాడు. ఎట్టా చూపిస్తాడు? ఆయన కోడలు చెంగమ్మ పక్కనే ఉంది, బిడ్డని పోగొట్టుకొని ఇంకా రొమ్ముల్లో పాలు కూడా ఇగరలేదు, బిడ్డ ఉన్న చోటు కాళ్ల కిందే ఉంది. చెప్దామని నోరు తెరిస్తే, పసిదాని నిద్ర నువ్వే చెడగొడతావా అని మామ కళ్లెర్రజేసినాడు. నోరు మూసుకుంది. సమాధులు లేవనుకొని ఆఫీసరు పొయ్యినాడు.

ఆ తర్వాత మిషన్లు దిగినాయి. దిబ్బంతా బల్లకట్ల మీద ఒడ్డుకి, ఒడ్డు నించి లారీల్లో రోడ్డుకి. చెంగమ్మ లారీల ఎంబడి పరిగెత్తి, పోసిన ప్రతి కుప్పా చేతుల్తో కెలికిందంట. అంతా గుల్లలూ ఎముకలూ, ఏది ఎవరిదో ఎట్టా తెలుస్తాది తల్లికి మాత్రం? ఆమెని రెక్క పట్టి పక్కకి లాగి రోలర్ తోలినారు. 

దిబ్బోళ్లు చెట్టుకొకరు పుట్టకొకరు అయిపొయ్యినారు. దిబ్బ పోయిన చోట నీళ్లలో వాళ్లు తాగిన ఆ మంచినీళ్ల బావి ఒక్కటే మిగిలింది, చెంగమ్మ ఈదుకుంటా పొయ్యి దాంట్లో దూకింది.

పొద్దుగూకితే ఒరల మీద కూర్చోని ఉంటాదంట. మీద పడదు, గొంతు పిసకదు, మీ సినిమా దెయ్యాల మాదిరి కాదు. అయ్యా, నా బిడ్డ యాడుందో తెలుసా అని అడుగుతాది, అంతే. వలలల్లే మస్తానయ్య ఒకసారి జాలిపడి, అదిగో ఆ రోడ్డు కిందమ్మా అని వేలు చూపించినాడు. ఆమె గుండెలు బాదుకొని, చూపించేస్తివా, నా బిడ్డ నిద్ర లేచింది గదయ్యా అని ఏడ్చిందంట. ఆనాటి నించి రోడ్డెక్కితే చాలు, కాళ్ల కింద పసిబిడ్డ ఏడుపు మస్తానయ్యకి. చచ్చేదాకా పక్కన బురదలోనే నడిచినాడు పాపం.

ఏందే, ఆ బిడ్డని ఎవరు నిద్రపుచ్చాలని అడుగుతున్నావా? ఎవరూ లేరు. అడిగినామెకి చూపిస్తే బిడ్డ లేస్తాది, చూపించకపోతే తల్లి ఏడుస్తాది, మీ వల్లా కాదు, నా వల్లా కాదు. ఆ బావి దిక్కుకి పోబాకండి. లెయ్యండింక, ఇళ్లకి పొయ్యేది ఆ రోడ్డు మీదే గదా, చెప్పులు ఈడ్చుకుంటా పోబాకండి.