లక్ష్మీకాంత్ తోలిన పైలెట్ లేని విమానం

ఆదివారం ఫోన్ రాలేదు. సోమవారమూ రాలేదు. మంగళవారం సాయంత్రం నాగమణమ్మ పాల క్యాను పట్టుకుని కృష్ణయ్య చాయ్ హోటల్‌కు గంట ముందే వచ్చింది.

గౌలిపురలో ఆ గల్లీ మొత్తానికి ఫోన్ ఉన్నది హోటల్ పక్క గదిలోనే. అది లక్ష్మీకాంత్ కేబుల్ ఆఫీసు. నాగమణమ్మ కొడుకు విశ్వేశ్వర్, అందరికీ విశ్వం, మిలిట్రీలో చేరినప్పుడు ఆ నంబరే రాసిచ్చాడు. ఆరు నెలల కింద వాడి పటాలాన్ని రాజస్థాన్ బార్డర్‌కు తోలారు. ఇటు మన ఫౌజు, అటు వాళ్ల ఫౌజు, ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. యుద్ధం రేపంటారు, ఎల్లుండంటారు. రెండువేల రెండు జూన్ అంతా అట్లాగే గడుస్తోంది. ఇసుకలో మందుపాతరలు పాతే పని అని వాడు ఒక్కసారే చెప్పాడు. మళ్లీ ఆ ఊసెత్తలేదు. ప్రతి ఆదివారం అయిదింటికి మాత్రం ఫోన్ చేసేవాడు.

ఫోనొచ్చిందా అని ఆమె ఎవరినీ అడగలేదు. అడిగితే ఏం చెబుతారోనని భయం. పాలు కొలిచి పోసింది. ఖాళీ క్యాను కాళ్ల దగ్గర పెట్టుకుని స్తంభానికి ఆనుకుని నిలబడింది.

బెంచీ మీద లక్ష్మీకాంత్ అప్పటికే మొదలుపెట్టాడు. అతని సంగతి గల్లీకంతా తెలుసు. ఒకసారి ఆఫీసులో అతన్ని ఎలుక కరిచింది. ఆ ముచ్చట చార్మినార్ దాకా పోయేసరికి ఎలుక చిరుతపులైంది. ఎవరూ కోపం తెచ్చుకోరు. అతని కోతలుంటే కృష్ణయ్య దగ్గర రెండో చాయ్ అమ్ముడుపోతుంది.

ఎదురుగా ఇద్దరు కూర్చున్నారు. పప్పుల దుకాణం సీతారాం సేట్ ఒకరు. ఇంకొకరు భాస్కరరావు. కోస్తా నుంచి వచ్చి సర్కారు ఆఫీసులో పనిచేస్తూ మలక్‌పేటలో ఉంటాడు. ఈ చాయ్ కోసం రోజూ స్కూటరేసుకుని వస్తాడు.

“మొన్న గురువారం గాలిదుమారం లేసింది గద రావు సాబ్, గా గాలికి మిద్దె మీద నా డిష్ ఛత్రీ జరంత పక్కకు తిరిగింది, ఇగ చూడు లొల్లి, కాంత్ భాయ్ సీరియల్ వస్తలే, కాంత్ భాయ్ బొమ్మ దుంకుతుంది అని, నేనేం జేసిన, పానా పట్టుకొని పైకెక్కిన, ఛత్రీని బెత్తెడు ఇటు జరిపిన. గంతే.”

“అంతేనా? దీనికేనా ఇందాకట్నుంచి ఊరిస్తున్నారు?” అన్నాడు భాస్కరరావు.

“ఆగు సాబ్. కిందికొచ్చి టీవీ పెట్టిన. సీరియల్ లేదు, వార్తల్లేవు. ఇసుక! గద్ద పైనుంచి చూస్తే ఎట్ల కనబడ్తది, గట్ల. నల్లగ తెల్లగ బొమ్మ, నడిమిట్ల కూడిక గుర్తు. బొమ్మ మెల్లగ జరుగుతుంది. ఆ తర్వాత ఏమైందో ఎర్కనా? నాకు సమజైంది. అది పైలెట్ లేని విమానం! దాని కన్ను సీదా వచ్చి నా ఛత్రీల పడ్డది!”

“లే! ఏం కోస్తవ్ రా, క్యా ఫేంక్‌తా రే!” అన్నాడు సీతారాం సేట్.

“అలాంటివి ఉన్న మాట నిజమేనండీ,” అన్నాడు భాస్కరరావు. “మానవరహిత విమానం అంటారు. పోయిన చలికాలం అమెరికా వాళ్లు అఫ్ఘనిస్తాన్ మీద తిప్పారుగా. నడిపేవాడు ఎక్కడో సముద్రాల అవతల కుర్చీలో కూర్చుంటాడు. విమానం మాత్రం రాత్రీ పగలూ దిగకుండా ఎగురుతుంది. మన బార్డర్ మీదా తిప్పుతున్నారని పేపర్లో వేశాడు. కానీ ఆ బొమ్మ మీ కేబుల్ డిష్‌లోకి రావడం కల్ల.”

నాగమణమ్మ మెల్లగా అడిగింది. “మనిషి లేకుంటనే పోతదా?”

“పోతుందండీ.”

“మరి మనుషులనెందుకు తోలిండ్రు?”

కృష్ణయ్య గ్లాసులు కడగడం ఆపాడు. లక్ష్మీకాంత్ ఆఫీసు గదిలో గోడ గడియారం వైపు చూశాడు. అయిదుంబావు.

“విమానం చూస్తదక్కా,” అన్నాడు. “మన్ను తవ్వలేదు గద.”

అని, ఆ మాట చల్లారకముందే మళ్లీ అందుకున్నాడు.

“ఇగ ఇను సేట్. బొమ్మ జర మసకగుందని రిమోట్ తీసుకొని చానల్ నొక్కిన. నొక్కంగనే విమానం ఎడమకు తిరిగింది! మల్ల నొక్కిన, కుడికి తిరిగింది! వాల్యూమ్ పెంచితే పైకి పోతది, తగ్గిస్తే కిందికొస్తది. నాకు చెమటలు పట్టినయి. అరే, గవర్నమెంటు విమానం, నా చేతికొచ్చింది, ఇడిచిపెడితే పడిపోతది, పట్టుకుంటే తప్పు. ఏం జెయ్యాలె? తోలిన! సీదా బార్డర్ దాటిచ్చిన.”

“దాటించారా! వాళ్లకు చప్పుడు వినబడలేదా?” అన్నాడు భాస్కరరావు.

“మ్యూట్ నొక్కిన సాబ్.”

సీతారాం సేట్‌కు చాయ్ పొలమారింది. కృష్ణయ్య వచ్చి వీపు చరిచాడు.

“అవతలోళ్ల తంబుల మీద, గుడారాల మీద తిరిగిన. ఒకడు చాయ్ పోసుకుంటుండు, చక్కెర ఎన్ని చెంచాలేసిండో లెక్కపెట్టిన. నాలుగు! ఇంతల ఎదురుంగ ఇంకో విమానం వచ్చింది, వాళ్లది, దాంట్లనూ మనిషి లేడు. ఇటు మనిషి లేడు, అటు మనిషి లేడు, సైడియ్యకుంటే ఎవడిని తిట్టాలె చెప్పు? నేను చూసిన, చూసిన, రిమోట్‌ల ఎర్ర బటన్ ఉంటది గద, అది నొక్కిన. దాని ఇంజన్ బందైంది, మల్ల నొక్కిన, చాలూ అయింది, ఇగ నా ఎంబడి పడ్డది చూడు, బర్రె ఎంబడి దూడ లెక్క! అప్పుడే ఢిల్లీ నుంచి పెద్దాఫీసర్ ఫోను. ‘కౌన్ చలా రహా హై?’ ఎవడు తోలుతుండు అన్నడు. ‘గౌలిపుర లక్ష్మీకాంత్ సాబ్’ అన్న. ‘అచ్ఛా, ఆప్ హై! చలాతే రహో’, తోలుతనే ఉండు అని పెట్టేసిండు.”

“పేరు చెప్పగానే గుర్తుపట్టాడా?” భాస్కరరావు పగలబడి నవ్వుతున్నాడు.

“నన్ను గుర్తుపట్టనోడు ఢిల్లీల ఎవడున్నడు సాబ్? ఆ తర్వాత ఏమైందో ఎర్కనా? పెట్రోల్ అయిపోవచ్చింది. ఆడ ఇసుకల పెట్రోల్ ఎవడు పోస్తడు? రెండు విమానాలనూ మన పట్నం తెచ్చిన. దబీర్‌పురా టేషన్ మీదికి రాంగనే చూస్తే సిగ్నల్ ఎర్రగుంది. ఆపిన. గాలిల్నే ఆపిన, రైలు పోయేదాంక. రూలంటే రూల్. ఆడికెళ్లి మలక్‌పేట రేసుకోర్స్‌ల దించిన. దించేటాళ్లకు గుర్రాలను ఇడిచిండ్రు. ముంగట గుర్రాలు, ఎనుక గుర్రాలు, నడిమిట్ల నా విమానం. రెండో నంబర్‌ల వచ్చింది.”

“మొదటి నంబర్ ఎందుకు రాలేదో?”

“మూల మీద రిమోట్‌ల సెల్లు వీకైంది.”

“మా ఇల్లు రేసుకోర్స్ ఎదురుగానే కదండీ,” అన్నాడు భాస్కరరావు, చిక్కాడన్నట్టు. “ఈ నెలలో రేసులే లేవు.”

“ట్రయల్ సాబ్, ట్రయల్! పోయిన గురువారం నువ్వు ఇంట్ల ఉన్నవా, ఆఫీసుల ఉన్నవా?”

“ఆఫీసులో.”

“మరి!”

సీతారాం సేట్ తొడ చరుచుకున్నాడు. నాగమణమ్మ పెదవి కూడా కొంచెం కదిలింది. మూడు రోజుల్లో అదే మొదలు. లక్ష్మీకాంత్ అది చూశాడు. గడియారం కూడా చూశాడు. ఇరవై తక్కువ ఆరు. గొంతు సవరించుకున్నాడు.

“పెట్రోల్ పోసి, దూడ విమానాన్ని ఆడనే కట్టేసి, మన విమానాన్ని మల్ల ఇసుకల్లకు తోలిన. పోతుంటే, పోతుంటే, కింద ఒక పెద్ద తెల్ల తంబు కనబడ్డది. వాల్యూమ్ తగ్గిచ్చి కిందికి దించిన. అక్కా, మన ఇశ్వం కనబడ్డడు.”

ఆమె స్తంభాన్ని పట్టుకుంది.

“మంచిగున్నడు. తంబు బయట మంచం మీద కూసున్నడు. తెల్ల అంగీ. ఎడమ చేత్తోని రొట్టె తింటుండు, పప్పుల అద్దుకొని. ఎండ కొడుతుందని నేను విమానాన్ని సీదా వాని నెత్తి మీద నిలబెట్టిన, నీడకు! రెక్కలు తిప్పిన, గాలికి! వాడు పైకి చూసి ‘కాంతన్నా’ అన్నడు, నేను ఈడికెళ్లి...”

“అంత ఎత్తున ఎగిరేదాంట్లో పప్పు ఎలా కనబడిందయ్యా?” అన్నాడు భాస్కరరావు.

“పప్పేంది సాబ్, పప్పుల జీలకర్ర కనబడ్డది!”

అందరూ నవ్వుతున్నారు. నాగమణమ్మకు ఆ నవ్వు వినబడటం లేదు.

ఎడమ చెయ్యి.

విశ్వం ఎడమ చేత్తో మెతుకు ముట్టడు. ఆ సంగతి వదిలేసినా, విమానాన్ని గుర్రాలతో ఉరికించిన మనిషికి ఎడమ చెయ్యితో ఏం పని? డిష్ తిప్పింది లక్ష్మీకాంత్. బార్డర్ దాటించింది లక్ష్మీకాంత్. ఢిల్లీకి ఎరుకైనవాడు లక్ష్మీకాంత్. ఎడమ చేత్తో రొట్టె తినడంలో మాత్రం లక్ష్మీకాంత్ గొప్ప ఏమీ లేదు. అతని గొప్ప లేని మాట అతని నోట్లోంచి ఆమె ఇన్నేళ్లలో వినలేదు. కల్పించినవాటి మధ్య అదొక్కటే కల్పించింది కాదు.

“కాంతూ,” అంది.

అతను ఆగాడు.

“ఫోనెప్పుడొచ్చింది?”

నవ్వులు ఒక్కసారిగా ఆగిపోయాయి. లక్ష్మీకాంత్ నోరు తెరిచాడు. ఇంకో విమానం దానిలో దొరుకుతుందేమోనన్నట్టు కాసేపు అట్లాగే ఉంచాడు. దొరకలేదు.

“పొద్దుగాల వచ్చిందక్కా,” అన్నాడు.

“ఇశ్వమేనా?”

“వాడే మాట్లాడిండు. వాని గొంతే. శుక్రవారం మందుపాతర ఒకటి పేలిందట, పాతేటప్పుడు. కన్నులు మంచిగున్నయి. కాళ్లు మంచిగున్నయి. కుడి చెయ్యి. రెండు వేళ్లు పోయినయట.” అతను తల దించుకున్నాడు. “మిలిట్రీ దవాఖానల ఉన్నడు. నంబరిచ్చిండు, ఆరింటికి చేస్తే పిలుస్తరట. ‘అమ్మకు ఒక్కపారే చెప్పకు అన్నా, జర నవ్విచ్చి చెప్పు, నీకు చేతనైతది’ అన్నడు. పొద్దటి సంది ఎట్ల చెప్పాలెనో తెలుస్తలేదు అక్కా. ఆరుకు ముందే చెబ్దామనే...”

భాస్కరరావు లేచి ఆమెకు బెంచీ మీద చోటిచ్చాడు. ఆమె కూర్చోలేదు.

“రెండేనా?”

“రెండే అక్కా. ఒట్టు.”

“అబద్ధమాడితే ఊకోను.”

“అమ్మతోడు, రెండే.”

సీతారాం సేట్ నేల చూస్తున్నాడు. ఆయన మనసులో ఏమున్నదో ఆమెకు తెలుసు. ఇతని మాట ఏం నమ్ముతాం, చెయ్యే పోయిందేమో, ఇంకా ఏమేం పోయాయో, మెత్తగా చెబుతున్నాడేమో. ఆమె గుండెలోనూ మొదట అదే దూరింది. లక్ష్మీకాంత్ మొహంలోకి చూసింది. ఎలుకను చిరుతపులి చేసిన మొహం. ఈ మనిషి పుట్టి బుద్ధెరిగి ఉన్నదాన్ని పెంచి చెప్పాడే గాని తగ్గించి చెప్పింది ఒక్కటి లేదు. తగ్గించడం అతనికి రాదు. రెండన్నాడంటే రెండుకు మించి ఉండవు.

ఆమెకు ఊపిరి ఆడింది.

“ఫోన్ కలుపు,” అంది.

ఆరు కావడానికి ఇంకా పావుగంట ఉంది. ఆ పావుగంటా నలుగురూ కేబుల్ గదిలో నిలబడ్డారు. కృష్ణయ్య స్టవ్ ఆపేసి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. లక్ష్మీకాంత్ అంతసేపు నోరు మూసుకుని ఉండటం ఆ గల్లీలో ఎవరూ చూసింది కాదు. ఆరు కొట్టగానే నంబర్లు నొక్కాడు. మొదటిసారి కలవలేదు. రెండోసారి కలిసింది. హిందీలో ఎవరితోనో చెప్పి, రిసీవర్ ఆమెకిచ్చి, గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

చాలాసేపటికి అటునుంచి మాట వచ్చింది.

“అమ్మా.”

ఆమె కళ్లు మూసుకుంది. ఒక్క మాట చాలని మూడు రోజులుగా మొక్కింది. ఆ మాట వచ్చింది. ఇక మిగిలినవన్నీ కొసరే.

“తిన్నవా రా?”

“తిన్న అమ్మా. కాంతన్న చెప్పిండా?”

“చెప్పిండు. రెండు వేళ్లని.”

ఆమె రిసీవర్ చెవికి అదుముకుంది.

“రెండు గాదమ్మా,” అన్నాడు విశ్వం. “ఒకటిన్నర.”

“ఏందీ?”

“చిటికెనేలు పోయింది. పక్క దాంట్ల సగమే పోయింది, సగమున్నది. అన్నకు సక్కగనే చెప్పిన. రెండని చెప్పిండా?”

నాగమణమ్మకు నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. ఏది ముందొచ్చిందో ఆమెకే తెలియలేదు. రిసీవర్ చెవి నుంచి తీయకుండానే వెనక్కి తిరిగి, గదిలో ఉన్నవాళ్లందరికీ వినబడేట్టు చెప్పింది.

“ఒకటిన్నరేనట!”

“లే! సగం ఏలు నీ జేబుల్నుంచి కలిపినవారా!” సీతారాం సేట్ అరిచాడు. అరుస్తూ కళ్లు తుడుచుకున్నాడు. “ఈడ గూడనా! ఈడ గూడ ఊకోలేక పోయినవా!”

“లైన్ సరిగ్గ లేకుండె సేట్,” అన్నాడు లక్ష్మీకాంత్ గోడతోనే. “గరగరమన్నది.”

అతని భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. భాస్కరరావు వెళ్లి వాటి మీద చెయ్యి వేశాడు.

ఆమె ఇంకో రెండు నిమిషాలు మాట్లాడింది. మాట్లాడిందెక్కువ వాడే, ఆమె ఊఁ కొట్టింది. పది రోజుల్లో పంపిస్తారట. ఎడమ చేత్తో తినడం రావట్లేదట, పప్పంతా అంగీ మీద పడుతోందట. పెట్టేసిన తర్వాత కాసేపు ఫోన్ మీద చెయ్యి అట్లాగే ఉంచింది. తర్వాత రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

ఎవరికి పెట్టిందో ఎవరూ అడగలేదు. దేవుడికేనని సీతారాం సేట్ అనుకున్నాడు. అప్పుడే గోడవైపు నుంచి తిరిగిన లక్ష్మీకాంత్‌కు మాత్రం ఆమె సరిగ్గా తన ఎదురుగా చేతులెత్తి కనబడింది. నాగమణక్క నాకు దండం పెట్టిందని రేపటి నుంచి అతను గల్లీ అంతా చెబుతాడు. నెల తిరిగేసరికి కాళ్లు కడిగిందంటాడు.

చెప్పనీ. ఆమె కాదనదు.